ఖాళీ భుజం

పోయిన ఆదివారం జగిత్యాల దాపున ఉన్న ఎలుగుబండ గుట్ట దగ్గర సంగీతను ఒక్కదాన్నే వదిలేసి పిల్లల్ని గుట్టలెక్కించే కోరుట్ల గుట్టదారి క్లబ్బు బండ్లు రెండూ వెళ్లిపోయాయి. మే నెల ఎండ నిప్పులు చెరుగుతోంది. చేతిలో నీళ్ల సీసా కూడా లేదు. నెత్తిన క్లబ్బు జెండా కప్పుకుని, ఓ బండ నీడకు ముడుచుకుని కూర్చున్న ఆ పదిహేడేళ్ల పిల్ల తునికాకు తెంపే ఆడవాళ్ల కంటబడింది కాబట్టి బతికిపోయింది. వాళ్లే నీళ్లు తాగించి, ఆకు కట్టల ట్రాక్టర్ మీద కూర్చోబెట్టుకుని రాయికల్ దగ్గరి ఆమె ఊరికి చేర్చారు.

అప్పటి నుంచి సంగీత కోపంతో రగిలిపోతోంది. వదిలేసి వెళ్లినందుకు కాదు. మర్నాడు తల్లి ముత్తమ్మకు ఫోన్ చేసి క్లబ్బు నడిపే దేవేందర్ సార్ అన్న మాటలకు.

"ముత్తమ్మా, మీ బిడ్డ ఉన్నదని పలికినంకనే బండ్లు కదిలినయ్. జెండా పట్టుకొని ఫోటోలు దిగుదామని మళ్ల గుట్టెక్కినట్టుంది. వయసు పిల్లలు గదా, ఏం జేస్తం. వచ్చే ఐతారం సిరిసిల్లకు పడవల మీదికి పోతున్నం. పంపు. నలుగురి ముందట ఒక్క సారీ చెప్తే అయిపోతది. చెప్పకపోతే మాత్రం పెద్దబండ క్యాంపుకు తీసుకపోవుడు కుదరదు."

బీడీలు చుడుతున్న ముత్తమ్మ ఒళ్లో చాట పెట్టుకునే ఆ మాటలన్నీ వింది. పక్కనే కూర్చున్న సంగీత కూడా వింది. కోరుట్లలో ఆటసామాన్ల దుకాణం నడిపే దేవేందర్ సార్ ఎప్పుడూ ఎవర్నీ కసిరి ఎరగడు. ఆ మెత్తని గొంతుతో చెప్పడం వల్లనే కాబోలు, ఆ మాట ఇంకా లోతుగా దిగింది.

పెద్దబండ క్యాంపు అంటే వేసవి ఆఖర్న, తాడు పట్టుకుని నిటారు బండ ఎక్కడం వచ్చిన పిల్లల్ని మాత్రమే తీసుకెళ్లే శిబిరం. నిరుటి నుంచి సంగీత దాని కోసమే చూస్తోంది. బడిలో లేచి నిలబడి పాఠం చదవమంటే ఆమె మాట పక్క బెంచీకి కూడా వినిపించేది కాదు. పెళ్లిళ్లలో ఎవరైనా పలకరిస్తే తల్లి కొంగు వెనక్కి తప్పుకునేది. బండ మీద ఆ బాధ లేదు. బండ ఏమీ అడగదు. చేతికి ఒక పట్టు, కాలికి ఒక పట్టు దొరికితే చాలు. క్లబ్బు మొత్తంలో ఆమెలా ఎక్కే వాళ్లు లేరని దేవేందర్ సారే అన్నాడు ఓసారి.

"ఇగ గా క్లబ్బు పేరెత్తకు" అంది ముత్తమ్మ ఫోన్ కింద పెట్టి.

"నేనేం తప్పు చెయ్యలేదే అవ్వా. చెయ్యంది నేనెందుకు మానుకోవాలె?"

"మరి సారీ చెప్తవా?"

"చెప్ప."

ముత్తమ్మ బిడ్డ మొహంలోకి చూసింది. ఎండకు పగిలిన పెదాలు ఇంకా మానలేదు. మళ్లీ చాటలోని ఆకు తీసి చుట్టడం మొదలుపెడుతూ, "పో అయితే. పోయి, గదే మాట ఆళ్ల మొఖం మీద చెప్పి రా" అంది.

ఇదంతా అర్థం కావాలంటే క్లబ్బు పద్ధతి ఒకటి చెప్పుకోవాలి. ఎక్కడికి వెళ్లినా పిల్లల్ని ఇద్దరిద్దరుగా జోడీ కడతారు. బండి ఎక్కే ముందు, నీళ్లలోకి దిగే ముందు, తిరుగు దారి పట్టే ముందు దేవేందర్ సార్ విజిల్ ఊది పేర్లు పిలుస్తాడు. ఎవరి పేరుకు వాళ్లు పలకకూడదు. జోడీ పలకాలి. అదీ ఊరికే నోటితో కాదు. పక్కవాళ్ల భుజం మీద చెయ్యి వేసి "ఉంది" అనో, "ఉన్నడు" అనో అనాలి. చెయ్యి ఆనకుండా మాట రాకూడదు. దాన్ని పిల్లలు భుజం పిలుపు అంటారు.

సంగీత జోడీ ఫర్హత్. అంటే ఫర్హత్ లేని భుజం మీద చెయ్యి వేసి "ఉంది" అన్నదన్న మాట. వారమంతా సంగీత లోపల ఉడికింది దీనికి కూడా. ఆదివారం పొద్దున కోరుట్లలో బండి ఎక్కగానే దేవేందర్ సార్ దగ్గరికి వెళ్లి, నేల చూపులు చూస్తూ, "నాకు ఫర్హత్ జోడీ వద్దు సార్" అంది. ఆయన ఏదో అడగబోయాడు. ఈలోగా వెనక సీట్లోంచి లీల చెయ్యెత్తింది. "సార్, నాతోని ఉంటది."

లీల క్లబ్బు అధ్యక్షుడు మార్కండేయులు కూతురు. ఎప్పుడూ తనంతట తాను సంగీతతో పది మాటలు మాట్లాడింది లేదు. ఆ చెయ్యెత్తడం చూసి సంగీతకు ఏడుపొచ్చినంత పనైంది. ఒక్కరైనా తనను నమ్మారు అనుకుంది.

*

సిరిసిల్ల దాటాక మానేరు డ్యాం వెనక నిలిచిన నీళ్లు ఆకాశం అంచు దాకా పరుచుకుని ఉన్నాయి. మునిగిపోయిన ఊరి తాటి మొద్దులు నీళ్లలోంచి నల్లగా పైకి తేలి కనిపిస్తున్నాయి. ఎండ తగ్గాక పడవలెక్కాలని, పగలంతా దారిలో ఓ తోపు నీడన ఆగి సాయంత్రానికి ఒడ్డుకు వచ్చారు. మూడు పసుపు పచ్చ రబ్బరు పడవలు ఒడ్డున పరిచి ఉన్నాయి. మార్కండేయులువే అవి. సిరిసిల్లలో ఆయనకు మరమగ్గాల షెడ్డుంది. క్లబ్బు జెండా బట్ట కూడా ఆయన మగ్గం మీద నేసిందే. అందుకే ఆ జెండా నేల మీద పడితే కూడా ఆయన ఊరుకోడు.

సంగీత ఓ పడవ దగ్గర కూర్చుని గాలి పంపు తొక్కుతోంది. ఫర్హత్ వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఏందే సంగీ, నన్ను చూస్తె తేలు కుట్టినట్టు ఎగురుతున్నవ్?"

సంగీత తొక్కుతూనే ఉంది.

"రెండుసార్లు ఫోన్ చేసిన. మీ అవ్వ నువ్వు లేవన్నది."

"నేనే లేనని చెప్పమన్న."

"ఎందుకు?"

"నేను లేకున్నా ఉన్ననని చెప్పుడు నీకు వచ్చు గదా. గందుకే ఉండి గూడ లేనని చెప్పిచ్చిన."

కొద్ది దూరంలో రాళ్ల పొయ్యి మీద బగారన్నం గిన్నె దించుతున్న సకీనాబీ తల తిప్పి చూసింది. ఆమె ఫర్హత్ నాయనమ్మ. మనవరాలిని ఒంటరిగా పంపనని మొదటి వారం వెంట వచ్చి, క్లబ్బు వాళ్లు తెచ్చిన పులిహోర నోట్లో పెట్టుకుని మొహం చిట్లించి, మరుసటి వారం నుంచి గరిటె తానే పట్టింది.

"ఏమే పోరీలు, పొద్దటి సంది చూస్తున్న. మీ ఇద్దరి నడుమ గోడెవ్వరు కట్టిండ్రే?" అంది.

"దాన్నే అడుగు దాదీ" అంది ఫర్హత్.

సంగీత పంపు వదిలి లేచింది. "నా భుజం మీద చెయ్యేసినవా గా దినం? గాలి మీద ఏసినవా? నేను గుట్ట మీద ఉంటే ఉన్నదని ఎట్ల పలికినవే నువ్వు?"

"నేనా? నేనా పలికింది?" ఫర్హత్ కళ్లు పెద్దవయ్యాయి. "పాగల్! గుట్ట దిగంగనే కండ్లు తిరిగి పడ్డ నేను. కక్కుకున్న. మార్కండేయులు సార్ కార్ల ఏసుకొని జగిత్యాల దవాఖానకు తీసుకపోయిండు. మీరు పేర్లు పిలుచుకునేటాల్లకు నాకు సెలైన్ ఎక్కుతున్నది. ఇగో, చూడు."

మోచేతి మడత దగ్గర సూది గుచ్చిన చోట చర్మం ఇంకా నీలంగా, పచ్చగా కమిలి ఉంది.

"తోబా" అంది సకీనాబీ అక్కడి నుంచే. "మంచంల పడి మూడొద్దులు ఇదే గోల. సంగీ ఏమైంది, సంగీ ఫోన్ ఎత్తుతలేదని. నా చెవులు తిన్నది."

సంగీత ఆ కమిలిన మచ్చ వైపు చూసింది. వారం రోజులు కూడబెట్టిన కోపం ఒక్కసారిగా నిలబడే చోటు లేక గిరగిరా తిరిగింది. ఫర్హత్ అక్కడ లేనే లేదు. మరి లీలతో తాను చెప్పి పంపిన మాట?

ఆ మధ్యాహ్నం అంతా కళ్ల ముందు కదిలింది. గుట్ట సగం దిగాక లీల తన చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది. జెండా మోసే పని ఎప్పుడూ లీలదే. "సంగీతా, జెండా పైన్నే మర్సిపోయిన. మా డాడీ సంపుతడు. నువ్వు ఉరుకుతవు గదా, జర తెచ్చియ్యవా" అని బతిమాలింది. "సరే, ఫర్హత్‌కు చెప్పు. నేనచ్చేదాక ఆగమను" అంది తాను. "చెప్త, చెప్త" అంది లీల. పైకెక్కి, జెండా కర్ర నుంచి బట్ట విప్పి, మెడకు చుట్టుకుని కిందికి దిగేసరికి దుమ్ము తప్ప ఏమీ లేదు.

ఫర్హత్ లేకపోతే లీల ఎవరికి చెప్పింది?

విజిల్ మోగింది.

*

లీల ఎదురొచ్చి సంగీత మణికట్టు పట్టుకుంది. వేళ్లు చల్లగా ఉన్నాయి. "నువ్వు నాతోని గదా, రా. నాకు ఈత రాదు. పడవెక్కినంక నా చెయ్యి ఇడవకు సంగీతా."

"గా దినం నేను జెండాకు పోయిన్నని ఎవ్వలికన్న చెప్పినవా?"

లీల తండ్రి ఉన్న వైపు చూసింది. "మా డాడీ చూస్తున్నడు. తర్వాత మాట్లాడుదం."

పిల్లలంతా ఒడ్డున గుండ్రంగా కూర్చున్నారు. మధ్యలో దేవేందర్ సార్, ఆయన పక్కన ప్లాస్టిక్ కుర్చీలో మార్కండేయులు. పడమట ఎక్కడో మబ్బు ముద్ద కట్టింది. గాలి ఆగిపోయి ఒళ్లంతా జిగటగా ఉంది.

"పడవలెక్కే ముందట చిన్న పని ఉన్నది" అన్నాడు దేవేందర్ సార్. "మొన్న జరిగింది అందరికి ఎరుకే. దేవుని దయతోటి ఏం కాలేదు. సంగీతా, లే బిడ్డా. ఒక్క మాట చెప్పేసి కూసో."

సంగీత లేచింది. అన్ని కళ్లూ తన మీదే. ఎప్పటిలాగే చూపు నేలకు దిగింది. 'సారీ' అనడం ఎంత తేలిక. అంటే పడవ, ఆ తర్వాత పెద్దబండ, నిటారు రాయి, నడుముకు తాడు. అన్నీ ఆ ఒక్క మాటకు అవతల ఉన్నాయి.

"సిగ్గుపడుతున్నది" అన్నాడు మార్కండేయులు కుర్చీలో వెనక్కి వాలి. "మా జెండా పట్టుకొని ఫోటోలు దిగేటప్పుడు లేని సిగ్గు ఇప్పుడెందుకమ్మా? ఊరి పిల్లలు, ఏదో నేర్చుకుంటరని ఎంబడి తిప్పుతున్నం. దాని విలువ తెలవాలె. లేకపోతే మీ దిక్కు పిల్లలనే తీసుకొనుడు బంద్ చేస్తం."

కొందరు పిల్లలు కిసుక్కుమన్నారు.

ఆ నవ్వుకు సంగీత తల ఎత్తింది.

"నా దగ్గర ఫోన్ లేదు సార్."

"ఏంది?"

"నా దగ్గర ఫోనే లేదు. మా అవ్వకున్నది మీటలు ఒత్తే ఫోన్. ఫోటోలు దేంట్ల దిగుత?"

గిన్నె దగ్గర్నుంచి సకీనాబీ గొంతు లేచింది. "సేఠ్, ఫోన్ లేని పోరి ఫోటోలెట్ల దిగుతది? బొగ్గు తీసుకొని బండ మీద గీసుకుంటదా?"

ఈసారి నవ్వు అటు తిరిగింది. మార్కండేయులు మొహం ఎర్రబడింది. "నువ్వు బగారన్నం సంగతి చూడమ్మా. మరి జెండా ఎందుకు పట్టుకొని పోయినట్టు? పైకి ఎందుకు పోయినట్టు? చెప్పమను."

"ఇన్నొద్దులల్ల నన్ను ఎవ్వలన్న అడిగిండ్రా సార్?" సంగీత గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ఎందుకు పోయినవ్ బిడ్డా అని ఒక్కలన్న అడిగిండ్రా? మా అవ్వకు ఫోన్ చేసిండ్రు. సారీ చెప్పమన్నరు. ఫోటోలని మీరే అనుకున్నరు, మీరే చెప్పుకున్నరు. నన్ను అడగలే. అడిగితే చెప్పేదాన్ని."

దేవేందర్ సార్ చెయ్యెత్తాడు. "సరే, సరే. ఇప్పుడు చెప్పు."

"ఇప్పుడు నేనే అడుగుత. నా పేరుకు పలికింది ఎవరు?"

సంగీత ఫర్హత్ వైపు చెయ్యి చూపించింది.

"నా జోడీ ఫర్హత్ గా దినం దవాఖానల ఉన్నది. మార్కండేయులు సారే తీసుకపోయిండు. మరి నా భుజం మీద చెయ్యేసింది ఎవరు?"

దేవేందర్ సార్ నుదురు ముడిపడింది. ఇది ఆయనకు అప్పటిదాకా తట్టనే లేదని ఆ మొహమే చెప్పింది. "ఎవరో పలికిండ్రు... ఉన్నది అని ఇనవడ్డది నాకు."

"ఇనవడుడు కాదు సార్. చూసిండ్రా?"

"నీళ్ల డబ్బా బండ్ల ఎక్కిస్తున్న బిడ్డా. రెండు చేతులు పట్టి..."

"అంటే మా దిక్కు ఈపు పెట్టి పేర్లు పిలిచిండ్రు. చెయ్యి ఆనకుంట మాట రావద్దని మాకు చెప్పింది మీరే. చెయ్యి ఆనిందా లేదా అని చూసేటోళ్లు ఎవరు మరి?"

దేవేందర్ సార్ తల దించుకున్నాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

లీల పేరు తన నోటితో రానివ్వకూడదని సంగీత అనుకుంది. తనంతట తానే చెప్పాలి. అందుకే గుండ్రం చుట్టూ నడవడం మొదలుపెట్టింది. నలుగురి ముందు నోరు తెరవని పిల్ల, ఒక్కొక్కరి ఎదుట ఆగి కళ్లలోకి చూసి అడిగింది.

"ఆదిల్, నువ్వా?"

"నేను కాదు. నేను రెండో బండి కాడ నిలవడ్డ."

"సానియా, నువ్వా?"

"కాదక్కా. ఒట్టు."

ఒకరి తర్వాత ఒకరు తలలు అడ్డంగా ఊగాయి. మార్కండేయులు "ఇదేం పంచాయితీ దేవేందర్, పిల్లలను పోలీసోళ్ల లెక్క..." అంటున్నాడు. సంగీత లీల ముందుకు వచ్చి ఆగింది.

"లీలా?"

లీల ఇసుకలో వేలితో గీతలు గీస్తోంది.

"మా పిల్లను అడుగుడేంది?" మార్కండేయులు కుర్చీలోంచి లేచాడు. "లీలకు దీంతోని ఏం సంబంధం?"

"లీలా, చెప్పు" అంది సంగీత మెల్లగా. అంతసేపట్లో ఆమె గొంతు మెత్తబడింది ఆ ఒక్కసారే. చెప్పేస్తే క్షమించేయడానికి సిద్ధంగా ఉంది. నిజంగానే ఉంది.

లీల తల ఎత్తకుండానే అంది. "నేనే అన్న."

గాలి లేకపోవడంతో ఆ మాట అందరికీ వినిపించింది.

"జెండా నేను మర్సిన. తెమ్మని నేనే పంపిన. కిందికి అచ్చేసరికి ఫర్హత్ లేదు, చెప్పుడెట్లనో సమజ్ కాలె. సార్ పేరు పిలిచిండు. లేదంటే ఎందుకు లేదంటరు, జెండా సంగతి బయటపడ్తది. ఇగ వస్తది గదా అని ఉన్నదన్న. రెండో బండ్ల ఎక్కింది కావచ్చు అనుకున్న. కోరుట్లల దిగినంకనే తెలిసింది. ఇగ తర్వాత... డాడీ ఫోటోలు దిగింది కావచ్చు అన్నడు. నేను ఊకున్న."

"ఊకున్నవ్" అంది సంగీత.

క్షమించాలని ఉన్నదంతా ఆ ఒక్క మాటకు ఆవిరైపోయింది. ఎండలో కూర్చున్న ఆ గంటలు, నాలుక అంగిలికి అతుక్కుపోవడం, గద్ద నెత్తి మీద గుండ్రంగా తిరగడం, తల్లి వాకిట్లో నిలబడి ఉండటం, అన్నీ ఒకేసారి గొంతులోకి వచ్చాయి.

"నీ జెండా కొరకే గదనే పోయిన. మీ నాయిన తిడ్తడని ఏడిస్తె పాపమని పోయిన. గదే జెండా నెత్తికి చుట్టుకొని బతికిన. నన్ను అందరు దొంగను చేస్తాంటే నువ్వు ఊకున్నవ్. పొద్దుగాల చెయ్యెత్తి నా జోడీ అయినవ్. పాపం చేసి పక్కకచ్చి కూసున్నవా? ఎల్లు. నా పక్కన నిలవడకు. నీ చెయ్యి నా మీద పడద్దు."

లీల లేచింది. తండ్రి వైపు ఓ అడుగు వేసింది. కానీ మార్కండేయులు కూతురి వైపు చూడటం లేదు. దేవేందర్ మీదికి పోతున్నాడు.

"నీ తప్పుకు నా పిల్లను బద్నాం చేస్తవా? పేర్లు పిలుసుడు నీ పని!"

"నేను తప్పు కాదంటలేను సార్. కాని ఫోటోల ముచ్చట పుట్టిచ్చింది మీరు. నేను అదే నమ్మి ఆ తల్లికి ఫోన్ చేసిన. సిగ్గుపోతున్నది నాకు."

"సిగ్గుపోతే క్లబ్బు మూసుకో! ఆ పడవలు నావి, ఇప్పుడే గాలి తీపిస్త."

"తీపియ్యి సేఠ్, తీపియ్యి" అని సకీనాబీ గరిటెతో సహా వచ్చింది. "ముందుగాల నీ నోట్లె గాలి తీపియ్యి. ఎండల పిల్ల సచ్చిపోతే ఏ జెండా కప్పుతుంటివి?"

పిల్లలు లేచిపోయారు. ఒకరి మీద ఒకరు అరుస్తున్నారు. ఫర్హత్ మార్కండేయులుకు, సకీనాబీకి మధ్య దూరి నాయనమ్మను వెనక్కి లాగుతోంది. సంగీత మాత్రం ఉన్న చోటనే నిలబడి, పిడికిళ్లు బిగించుకుని, ఏడవకూడదని నీళ్ల వైపు కూడా చూడకుండా నేల వైపు చూస్తోంది. ఎంతసేపు అలా గడిచిందో ఎవరూ చూడలేదు.

వెలుతురు మారింది. పడమటి మబ్బు నెత్తి మీదికి వచ్చేసింది. ఒక్కసారిగా ఒడ్డు మీది దుమ్ము, ఎండుటాకులు, కాగితం పళ్లేలు పైకి లేచాయి. మార్కండేయులు కుర్చీ దొర్లుకుంటూ పోయింది. నీళ్ల మీద నల్లటి ముడతలు పరుగెత్తాయి.

"గాలిదుమారం! అందరు బండ్లెక్కున్రి!" దేవేందర్ సార్ విజిల్ ఊదాడు. "ఉరుకున్రి, ఉరుకున్రి!"

పిల్లలు బండ్ల వైపు దూకారు. సంగీత కదల్లేదు. దారికి అడ్డంగా వెళ్లి రెండు చేతులూ చాచి నిలబడింది.

"ముందు పేర్లు పిలువున్రి సార్."

"బండ్ల కూసున్నంక పిలుస్త బిడ్డా, దుమ్ము..."

"ఇక్కడనే పిలువున్రి. గీసారి మా మొఖాలు చూసుకుంట పిలువున్రి. అప్పటిదాక ఒక్కలు గూడ ఎక్కరు."

దేవేందర్ సార్ ఆమె మొహంలోకి చూశాడు. దుమ్ముకు కళ్లు చికిలిస్తూ, పిల్లలకు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"ఆదిల్?"

పక్కవాడు భుజం మీద చెయ్యి వేశాడు. "ఉన్నడు."

"సానియా?"

"ఉంది."

"ఫర్హత్?"

జోడీ మారిపోయాక ఫర్హత్‌కు మిగిలిన పిల్ల ఆమె భుజాన్ని గట్టిగా పట్టుకుంది. "ఉంది!"

"సంగీత?"

గాలి హోరు తప్ప ఏమీ లేదు.

తాను ఇక్కడే ఉంది. నిలువెత్తు మనిషి అందరికీ కనిపిస్తూనే ఉంది. కానీ ఎవరి చెయ్యీ రాలేదు. ఎవరూ పలకలేదు. సంగీత ఎడమ భుజం మీద గాలి ఒక్కటే వీస్తోంది. తన పేరుకు పలకాల్సింది లీల.

ఆమె మెల్లగా వెనక్కి తిరిగింది. లీల కోసం మొదట బండ్ల వైపు చూసింది. తర్వాత పొయ్యి దగ్గర చూసింది. ఆ తర్వాత ఒడ్డు వైపు.

ఎర్రటి లైఫ్ జాకెట్ ఒకటి ఇసుకలో పడి ఉంది. గాలికి దాని పట్టీలు కొట్టుకుంటున్నాయి. మూడు పడవలు ఉండాల్సిన చోట రెండే ఉన్నాయి. దూరంగా, తాటి మొద్దులకు అవతల, పసుపు పచ్చ రంగు మరక ఒకటి, మధ్యలో ముడుచుకున్న చిన్న ఆకారంతో, అలల మీద లేస్తూ పడుతూ లోపలికి పోతోంది.

దేవేందర్ సార్ కూడా చూశాడు. ఆయన చేతిలోంచి విజిల్ జారిపోయింది. ఆయన పక్కన ఉన్న మార్కండేయులు నీళ్ల వైపు రెండడుగులు వేశాడు. అయినా అలవాటైన నోరు, ఆగలేనట్టు, తర్వాతి పేరు పిలిచేసింది.

"లీల?"

అందరి కళ్లూ సంగీత వైపు తిరిగాయి. ఆ పేరుకు జవాబు చెప్పాల్సింది ఆమె. పక్కన నిలబడవద్దని తరిమేసిన ఆమె.

చెయ్యి వేయడానికి పక్కన భుజం లేదు.

"లేదు" అంది సంగీత. అంత పెద్ద గొంతు తనకు ఉందని ఆమెకు అప్పటిదాకా తెలియదు. "లీల లేదు సార్!"

అని, ఒడ్డుకు ఉరికి, మిగిలిన రెండు పడవల్లో ఒకదాని తాడు మీదికి వంగింది.